షార్‌లో యంత్రం మాట

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ తొలిసారి ఎగిరింది. ఉపగ్రహాన్ని మోయగల ఎస్ఎల్‌వీ-3 వంతు 1979 ఆగస్టు 10న వచ్చింది. రాకెట్‌ను వదలాలా ఆపాలా అన్న విషయంలో మనిషికీ కంప్యూటర్‌కూ మాట కలవనిది ఆ రోజే.

కౌంట్‌డౌన్ చివరి ఘట్టంలో కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకు ఉంది. అయినా ఇబ్బంది లేదని నిపుణులు భరోసా ఇచ్చారు. ప్రాజెక్టుకు సారథి అయిన అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి రాకెట్‌ను వదిలారు. మొదటి దశ చక్కగా పనిచేసింది, రెండోది అదుపు తప్పింది. 317 సెకన్లకే ప్రయాణం ముగిసి, రాకెట్ సముద్రంలో పడింది. విలేకరుల ముందు ఆ వైఫల్య భారాన్ని ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమన్నారు. 1979 నాటి తన నిర్ణయం గురించి కలాం తర్వాత ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పారు. షార్ చరిత్రలో ఆ నిజాయతీ విలువ చిన్నది కాదు.

2001 మార్చి 28న మొదటి జీఎస్ఎల్‌వీ విషయంలో యంత్రం మాటే నెగ్గింది. ఆ రాకెట్‌లో చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్లు (పక్క రాకెట్లు) ముందు మండుతాయి. వాటి బలం సరిపోయిందని తేలాకే మధ్యలోని ఘన ఇంధన దశ అంటుకోవాలి. ఒకసారి అంటుకుంటే దాన్ని ఆర్పే దారి లేదు. ఒక స్ట్రాపాన్ బలం పుంజుకోలేదు. మనిషి కనురెప్ప వేసేలోపు కంప్యూటర్ అన్నిటినీ ఆపేసింది. మరమ్మతు చేసిన రాకెట్ ఏప్రిల్ 18న ఎగిరింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనాన్ని కూడా కంప్యూటర్ 5 సెకన్ల ముందు నిలిపింది. లోపం సరిచేశాక ఉదయం 10 గంటలకు వదిలారు.

ఇవన్నీ మనుషులు ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం నడిచినవే. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఇంకో మెట్టు ఎక్కింది. ఆగస్టు 23న దిగేటప్పుడు భూమి నుంచి ఆదేశాలకు ఎదురుచూసే వీలు లేదు. ల్యాండరే కెమెరాలతో కింది నేలను పరికిస్తూ, గుంతలూ బండలూ లేని చోటు వెతుక్కుని దిగింది.

ఆ దారిలోనే 2024 డిసెంబరు 30న పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ మోసుకెళ్లిన వాటిలో హైదరాబాద్ సంస్థ టేక్‌మీటుస్పేస్ తయారుచేసిన ఎంఓఐ-టీడీ ఒకటి. ఇది కక్ష్యలో తిరిగే చిన్న కృత్రిమ మేధ ప్రయోగశాల. పని ముగిసిన రాకెట్ నాలుగో దశనే వేదికగా చేసుకుని, సమాచారాన్ని మొత్తంగా కిందికి పంపకుండా అక్కడే విశ్లేషించవచ్చా అన్నది పరీక్షించడానికి దాన్ని పంపారు.