శ్రీహరికోట: కంప్యూటర్ మాట

భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లో తయారుచేసింది. ఆ సంస్థకు ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావు స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. నెల్లూరు తీరంలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ యానాదులు బతికే శ్రీహరికోట దీవిని రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నదీ 1969లోనే. (2022 నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది.) 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి-125 రాకెట్ ఎగిరింది.

ఆ దీవి చరిత్రను విజయాల వరుసగా చెప్పడం మనకు అలవాటు. యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఒక తరం నుంచి మరో తరానికి ఎలా అందిందో తెలియాలంటే మాత్రం వైఫల్యాల దగ్గరే ఆగాలి.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం. చివరి ఘడియల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపమంది. నిపుణులు ఫరవాలేదన్నారు. ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలాం కంప్యూటర్ మాటను పక్కనబెట్టి ముందుకు వెళ్లారు. రెండో దశ అదుపు తప్పి, రాకెట్ సముద్రంలో పడింది. ఆ దశను అదుపు చేసే వ్యవస్థలోని నైట్రిక్ ఆమ్లం కవాటం గుండా కారిపోయింది. ఆ నిర్ణయం తనదేనని కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. ఓటమి భారాన్ని ఆనాడు పత్రికల ముందు తలకెత్తుకున్నది ఇస్రో అధినేత సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

1993 సెప్టెంబరు 20న తప్పు కంప్యూటర్ వైపే జరిగింది. తొలి పీఎస్‌ఎల్‌వీలో రెండు, మూడు దశలు విడిపోయే వేళ రాకెట్ కుదుపుకు లోనైంది. దాన్ని సరిదిద్దే ఆదేశం విలువ గరిష్ఠ పరిమితిని దాటింది. అలా దాటితే ఏం చేయాలన్నది ప్రోగ్రాంలో సరిగా రాయలేదు. దాంతో ప్రయోగం విఫలమైంది. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ గురి తప్పలేదు.

మూడోసారి పాఠం బడిపిల్లల దాకా చేరింది. దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది బాలికలు చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చి, ప్రోగ్రాంలు రాసి ఆజాదీశాట్ ఉపగ్రహ తయారీలో పాలుపంచుకున్నారు. 2022 ఆగస్టు 7న దాన్ని మోసుకెళ్లిన తొలి ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్‌లో, రెండో దశ విడిపోతున్నప్పటి క్షణకాలపు ప్రకంపనలకే సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగడంతో ఆజాదీశాట్ సహా అందులోని ఉపగ్రహాలు నిలవలేదు.

దశలు విడిపోయే ఏర్పాటును మార్చారు, సాఫ్ట్‌వేర్ తర్కాన్నీ సవరించారు. 2023 ఫిబ్రవరి 10న బాలికల రెండో ఉపగ్రహం ఆజాదీశాట్-2 శ్రీహరికోట నుంచే 450 కిలోమీటర్ల కక్ష్యకు చేరింది.