నల్ల ఫోను నసబ్‌నామా: ఏది అసలు, ఏది మరమ్మతు?



అసలు, నకలు, మరమ్మతు. ఈ మూడు మాటలూ అరబీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిపోయాయి. కొత్తపేట బజారులో ఎవరి నోట విన్నా పరాయి మాటలు అనిపించవు. పాత టెలిఫోన్ల తారీఖ్ చెప్పడానికి ఈ మూడూ చాలు. చిక్కల్లా, మనవాళ్ళు మరమ్మతును కూడా నకలు కింద జమకట్టేస్తారు.

కోనసీమలో పాత పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు కడుతున్నారు. అటక మీది నల్ల ఫోను పాత ఇనుప సామాన్లవాడి తక్కెట్లోకి పోతోంది. లేదంటే ‘బ్రిటిష్ కాలందే’ అని రంగు పూసి, వేలకు బేరం పెడుతున్నారు. ఎటు పోయినా ఖాందాన్ విరాసత్ ఒకటి చెరిగిపోతుంది.

ముందు దాని పుట్టుక చూద్దాం. బ్రిటన్‌లో టెలిఫోన్లు పోస్టాఫీసు శాఖ, అంటే జీపీఓ చేతిలో ఉండేవి. 1929లో 162 నంబరు సెట్టు వచ్చింది. దానికి గంట విడిగా ఉండేది. 1937లో వచ్చిన 332 నంబరు సెట్టులో గంట కూడా పొట్టలోనే ఇమిడిపోయింది. నార్వే కళాకారుడు జీన్ హైబర్గ్ ఎరిక్సన్ కంపెనీకి గీసిన రూపమే దానికి మూలం. 1948లో బెంగళూరులో మన ఐటీఐ మొదలైంది. లివర్‌పూల్‌లోని ఆటోమాటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ దానికి హునర్ నేర్పింది. అందుకే మన దేశపు పాత ఫోన్లలో చాలావాటికి ఆ విలాయతీ పోలిక. పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక అక్కడిదని కాదు.

మరి తేల్చడం ఎలా? హదీసు పండితులు మాటను ఒప్పుకునే ముందు ఇస్నాద్ చూస్తారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో రావీలను ఒక్కొక్కరినే పరీక్షిస్తారు. ఫోనులోనూ ప్రతి భాగం ఒక రావీ. విడివిడిగా గవాహీ అడగాలి.

మొదట ఒళ్ళు. బేకలైట్ బరువుగా ఉంటుంది. వేడి నీళ్ళలో తడిపిన గుడ్డతో రుద్దితే ఫినాయిల్ లాంటి వాసన వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, దంతపు రంగు సెట్లు అరుదు కాబట్టి నల్లవాటికి రంగు పూసి మోసం చేసేవాళ్ళుంటారు. విప్పి లోపల చూడండి. అచ్చుపోసిన రంగైతే లోపలా బయటా ఒకటే.

తర్వాత ముద్రలు. అడుగున, రిసీవర్ లోపలి వైపు, డయల్ వెనక అంకెలుంటాయి. 55 అని ఉంటే 1955. అన్నిచోట్లా సంవత్సరాలు దగ్గరగా ఉంటే సనద్ గట్టిదే. ఎఫ్.డబ్ల్యు.ఆర్. లాంటి ముద్ర ఉంటే జీపీఓ తన కర్మాగారంలోనే దాన్ని మరమ్మతు చేసిందని అర్థం. చివరి ‘ఆర్’ అందుకు గుర్తు.

మూడోది డయల్. 332కి లోహపు చక్రం ఉండాలి. అద్దంలా కనబడే ప్లాస్టిక్ చక్రం తర్వాతి జమానాది. ఆపరేటరే లైను కలిపే ఎక్స్‌చేంజిలో డయల్ అవసరమే లేదు, ఆ చోట ఉత్త బిళ్ళ ఉండేది. ఆటోమాటిక్ ఎక్స్‌చేంజి వచ్చాక డయల్ బిగించి ఉంటే అది ధోకా కాదు, ఊరి తారీఖ్.

ఇక తీగలు, మరలు. గోధుమరంగు నూలు అల్లిన తీగ పాతది, చుట్టలు తిరిగిన ప్లాస్టిక్ తీగ తర్వాతిది. మర తలపై ఒకే గాడి ఉండాలి. నక్షత్రం గాడి కనబడితే కొత్త చెయ్యి పడినట్టే.

ఇక్కడే అసలు సంగతి. ఆ రోజుల్లో ఫోను ఇంటివాళ్ళ సొత్తు కాదు. అక్కడ జీపీఓది, ఇక్కడ పీ అండ్ టీ శాఖది. మన దగ్గర అమానత్‌గా ఉండేది. చెడిపోతే శాఖ మనిషి వచ్చి, చేతిలో ఉన్న భాగం బిగించి పోయేవాడు. రెండు ఫోన్ల భాగాలు ఒక ఒంట్లో చేరడం మామూలే. ప్రతి ముక్కా పుట్టినప్పటిదే కావాలని పట్టుబడితే, వాడకం చూసిన ఫోన్లలో చాలావాటిని నకిలీ అనాల్సి వస్తుంది.

రిసీవర్‌లో మాట్లాడే వైపు బిళ్ళనే తీసుకోండి. లోపల బొగ్గు రవ్వలుంటాయి. తేమ తగిలి గడ్డకడితే గొంతు వినబడదు. గోదావరి పాయల మధ్య తేమకు కరువేముంది? అందుకే ఆ బిళ్ళ మారిపోయి ఉంటుంది. కొనేవాడి లెక్కలో అది లోపం. కానీ కువైట్‌లో ఉన్న బిడ్డకు ఇంట్లో పెద్దలు దువా చెప్పింది, చెల్లెలి నికాహ్ తారీఖు ఖరారు చేసింది ఆ మారిన బిళ్ళలోంచే. ఖాందాన్‌కు దానికన్నా గట్టి గవాహ్ ఏది?

మరమ్మతు ఐబ్ కాదు. దాన్ని దాచడం ఐబ్. లోపం దాచి అమ్మడం ఖియానత్ అని మన దీన్ చెబుతుంది. ‘డయల్ మారింది, తీగ కొత్తది, మిగతాది ఫలానా సంవత్సరంది’ అని చెప్పి అమ్మండి. ఆ సొమ్ములో బర్కత్ ఉంటుంది.

అమ్మకుండా ఉంచుకునేవాళ్ళకు ఒక మాట. చాలా 332 సెట్ల అడుగున నంబర్లు రాసుకునే చిన్న సొరుగు ఉంటుంది. పెద్దలు హయాత్‌లో ఉండగానే అడిగి, ఫోను ఎప్పుడొచ్చింది, ఏ భాగం ఎందుకు మారింది, ఎవరెవరు మాట్లాడారు అని ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి. ఆ రాత లేకపోతే మనవల చేతికి ఫోను దక్కినా దాని ఇస్నాద్ దక్కదు.