ఆన్‌లైన్ క్లాసు కూడా క్లాసే: పిల్లలు, పెద్దలు పాటించాల్సిన పద్ధతులు

కోవిడ్ వల్ల 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. అప్పుడు టీవీ ముందు కూర్చుని వింటే సరిపోయేది. ఫోన్‌లో జరిగే క్లాసు అలా కాదు. అక్కడ టీచర్‌కు, తోటి పిల్లలకు మన పిల్లల పేరు కనబడుతుంది, గొంతు వినబడుతుంది, ఒక్కోసారి వెనకాల ఇల్లు కూడా కనబడుతుంది. ట్యూషన్, డిగ్రీ కోర్సు మొదలుకుని ఖుర్ఆన్ నాజిరా దాకా ఇప్పుడు ఫోన్‌లోనే నడుస్తున్నాయి. చేరేటప్పుడు ఫీజు ఎంత అని అడుగుతాం గానీ నియమాలు ఏంటని అడగం. ఏదైనా గొడవ వచ్చాకే అవి గుర్తొస్తాయి.

లాగిన్ ఎవరిదో వాళ్లే కూర్చోవాలి

చాలా ఇళ్లలో ఫోన్ ఒకటే, చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు. దాంతో క్లాసులో పిల్లల పేరు బదులు 'అబ్బా ఫోన్' అనో, షాపు పేరో కనబడుతుంది. అది ఎవరో టీచర్‌కు తెలియదు, హాజరు పడదు. బయటివాళ్లు దూరారేమోనని క్లాసు నుంచి తీసేసినా తీసేస్తారు. చేరే ముందే పేరు మార్చుకోవాలి. పేరు, క్లాసు, రోల్ నంబర్ ఉంటే చాలు. ఇంటి నంబరు, వీధి పేరు పెట్టొద్దు.

క్లాసు లింకు, పాస్‌వర్డ్ దోస్తులకు పంపడం సాయం కాదు. ఆ లింకుతో ఎవరైనా లోపలికి రావచ్చు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. తమ్ముడి పరీక్ష అన్న రాసిపెట్టడం కూడా మోసమే.

మైకు, కెమెరా, చాట్

క్లాసుకు ఐదు నిమిషాల ముందే కూర్చోవాలి. టీచర్‌కు సలామో, నమస్తేనో చెప్పాక మైకు ఆపేయాలి. ఏదైనా అడగాలంటే చెయ్యి ఎత్తే గుర్తు నొక్కి, పిలిచాక మాట్లాడాలి. మైకు ఆన్‌లో ఉంటే వంటింటి కుక్కర్ చప్పుడు, ఇంట్లో మాటా మాటా క్లాసంతా వింటుంది. చాట్‌లో పాఠం గురించే రాయాలి. ఎవరి ఇంగ్లిష్‌నో, ఎవరి ఇంటినో వెక్కిరిస్తే రాసినవాళ్లు మర్చిపోయినా చదివినవాళ్లు మర్చిపోరు.

కెమెరా దగ్గరే మన ఇళ్లలో ఎక్కువ ఇబ్బంది, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. క్లాసు మధ్యలో కెమెరా ఆపేస్తే టీచర్‌కు అది నిర్లక్ష్యంలా కనబడుతుంది. హాజరు వేసేటప్పుడు మాత్రమే కెమెరా పెడతామని, లేదా ఆడ టీచర్ ఉన్న బ్యాచ్ కావాలని ముందే అడగొచ్చు. గోడకు ఆనుకుని కూర్చుంటే ఇల్లు కనబడదు. క్లాసు టైమ్ నమాజ్ వేళకు అడ్డమొస్తుంటే ఆ మాట కూడా మొదటి వారమే చెప్పాలి.

స్క్రీన్‌షాట్ ఆట కాదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. క్లాసులో అమ్మాయి ముఖాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టినవాడికి అది నవ్వులాట. ఆ అమ్మాయికి మాత్రం చదువే ఆగిపోవచ్చు. విషయం ఇంట్లో తెలియగానే పెద్దలు మొదట ఆమె ఫోనే లాక్కుంటారు. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. అనుమతి లేకుండా క్లాసును రికార్డు చేయకూడదని, ఎవరి ఫొటో తీయకూడదని అబ్బాయిలకు కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇంట్లోనే.

ఇలాంటిది జరిగితే మెసేజ్ డిలీట్ చేయొద్దు. తేదీ, టైమ్, నంబర్ కనబడేలా దాచిపెట్టి సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930, పిల్లల హెల్ప్‌లైన్ 1098. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లలపై జరిగే కొన్ని నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

అసైన్‌మెంట్ సొంతంగా రాయాలి

డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా చేరే ఎన్‌పీటెల్ కోర్సుల్నే చూడండి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాలి. సాధారణంగా అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. వాట్సాప్‌లో వచ్చిన జవాబులు ఎక్కించి 25 తెచ్చుకున్నా, పరీక్ష హాల్లో ఆ గ్రూపు ఉండదు. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే జ్వరమో, పెళ్లో వచ్చి ఒకటి రెండు వారాలు తప్పినా కాపీ కొట్టాల్సిన పని లేదు. ఏఐ చాట్‌బాట్‌ను అర్థం కాని ముక్క అడిగి తెలుసుకోవడానికి వాడొచ్చా లేదా అన్నది టీచర్‌నే అడగాలి. అది రాసిచ్చిన జవాబును తన పేరుతో పెట్టడం మాత్రం కాపీయే.

ఎంతసేపు?

కేంద్రం 2020 జులైలో ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల ప్రకారం 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు క్లాసులు, 9 నుంచి 12 వరకు నాలుగు క్లాసులు మించకూడదు. ఒక్కో క్లాసు 30 నుంచి 45 నిమిషాలు. క్లాసు అయిపోయాక ఫోన్ పెద్దల చేతికి రావాలి.

చేరే ముందు అడగాల్సినవి

- కెమెరా తప్పనిసరా? ఎప్పుడెప్పుడు?
- క్లాసు రికార్డు చేస్తారా? అది ఎవరి దగ్గర ఉంటుంది?
- నెట్ పోతే హాజరు సంగతేంటి?
- ఎవరైనా పిల్లల్ని వేధిస్తే ఎవరికి చెప్పాలి?

వీటికి జవాబులు ఫోన్‌లో మెసేజ్ రూపంలో తీసుకుని దాచుకోండి. నాలుగో ప్రశ్నకు ఒక పేరు, ఒక నంబర్ చెప్పలేని చోట ఫీజు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించడం మంచిది.