పన్ను లేని నేల: శ్రీముఖలింగంలో మినహాయింపుల చరిత్ర

గాంగ శకం 87వ సంవత్సరం. క్రీస్తుశకం ఆరో శతాబ్దం చివరి పాదం. కళింగనగరం నుంచి గాంగ వంశపు ఇంద్రవర్మ మహారాజు రాగిరేకుల మీద ఒక ఉత్తర్వు చెక్కించాడు. వరాహవర్తని విషయంలోని (విషయం అంటే ఆనాటి పాలనా విభాగం) సిద్ధార్థక గ్రామంలో ఒక నాగలి నేలను దుర్గశర్మ అనే బ్రాహ్మణుడికి ధారపోస్తున్నట్టు ఆ ఉత్తర్వు చెబుతుంది. సందర్భం ఉత్తరాయణ పుణ్యకాలం, రాజు తల్లి పేరిట చెరువు ప్రతిష్ఠ. నేలతో పాటు రెండు వరాలు దక్కాయి. మొదటిది, దాని మీద పన్నులన్నీ మాఫీ. రెండోది, దుర్గశర్మ రాజుగారి చెరువు తూము ఎత్తి నీళ్లు పెట్టుకుంటుంటే ఎవరూ అడ్డం రాకూడదు.

ఆ రేకులు శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గరి అచ్యుతపురంలో దొరికాయి. పన్ను మాఫీ చేసి ఊరుకుంటే చాలదని, నీరు కూడా అందితేనే ఆ మాఫీకి విలువ ఉంటుందని వంశధార ఒడ్డున పద్నాలుగు వందల ఏళ్ల కిందటే తెలుసు. నీరు లేని నేలకు పన్ను ఉన్నా లేకపోయినా కొట్టులోకి వచ్చే గింజలు అంతంత మాత్రమే.

ఇంద్రవర్మ రేకులకు ఏడేళ్ల ముందటిది ఉర్లాం శాసనం. నరసన్నపేట దగ్గరి ఉర్లాం పేరుతో ప్రసిద్ధమైన ఆ రేకుల్లో హస్తివర్మ రాజు హొండేవక గ్రామంలో రెండున్నర నాగళ్ల నేలను అక్కడి అగ్రహారీకుల దగ్గర కొని, విడిగా హద్దులు వేయించి, పన్ను లేని అగ్రహారంగా జయశర్మకు ఇచ్చాడు. రాజైనా ఊరికే లాక్కోలేదు, కొని ఇచ్చాడు. ఈ రెండు శాసనాలనూ రాసింది ఒకే వ్యక్తి, భానుచంద్రుడి కొడుకు వినయచంద్రుడు. ఆ కాలపు కళింగంలో పన్ను మాఫీ పత్రాలు రాయడంలో చేయి తిరిగిన ఉద్యోగి అన్నమాట.

పన్ను మాఫీ అన్నంత మాత్రాన నాగలి పట్టినవాడి భారం తగ్గిందనుకోకూడదు. పండిన పంటలో రాజుకు భాగం ఉంటుంది. రాజు ఆ భాగాన్ని వదులుకుంటే అది దానం పుచ్చుకున్నవారికి చేరుతుంది. దున్నినవాడు ఎప్పటిలాగే కళ్లంలో భాగం కొలిచి ఇస్తాడు. ఇదివరకు కోటకు వెళ్లిన కుంచాలు ఇప్పుడు అగ్రహారానికి వెళతాయి. రాగిరేకు మీద ఎవరి పేరుందో మాఫీ వారిది. శ్రీముఖలింగం చుట్టుపక్కల భూముల చరిత్రలో ఈ నియమం రాజ్యాలు మారినా మారలేదు.

*

కళింగనగరం ఎక్కడన్న ప్రశ్న పండితులను చాలాకాలం వేధించింది. అది ముఖలింగమేనని గట్టిగా వాదించి నిలబెట్టినవాడు గిడుగు వేంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న ముఖలింగానికి దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, గుడి గోడల మీది పాత లిపులను సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. శక సంవత్సరం 979 నాటి గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం శాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన పిడుగుగా లోకానికి తెలిసిన ఆయన చదువు ఈ శిలల దగ్గర పదునెక్కింది.

ముఖలింగం గుడి పుట్టుక గురించి గాంగుల శాసనమే ఒక కథ చెబుతుంది. 1118లో అనంతవర్మ చోడగంగదేవుడు వేయించిన విశాఖపట్నం రేకుల ప్రకారం, కామార్ణవుడనే పూర్వీకుడి రాజధాని పేరు నగరం. ఇప్పచెట్టులో వెలసిన శివలింగానికి ఆయన అక్కడ ఎత్తైన ఆలయం కట్టించాడు. మధుక వృక్షంలో వెలసినవాడు కనుక మధుకేశ్వరుడు. ఆ గుడితో పాటు భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు నేటికీ ఊళ్లో నిలిచి ఉన్నాయి.

మధుకేశ్వరాలయం రాళ్ల మీద చోడగంగదేవుడి కాలానికీ ఆ తరవాతికీ చెందిన శాసనాలు బారులు తీరి కనిపిస్తాయి. ఇక్కడి నుంచి కథ దాతల వైపు తిరుగుతుంది. రాగిరేకుల్లో రాజు ఇస్తాడు. గోడల మీద రాణులు, దండనాయకులు, వర్తకులు, గుడిని ఆశ్రయించి బతికే స్త్రీలు ఇస్తారు. ఎక్కువ మంది ఇచ్చింది అఖండదీపానికి. పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే దీపానికి నెయ్యో నూనో రోజూ కావాలి. అందుకని దాతలు బంగారు మాడలు గుడికి అప్పగించేవారు. అసలు కదలదు, దాని రాబడితో దీపం వెలుగుతుంది. చంద్రసూర్యులున్నంత కాలం నడవాలని షరతు.

ఈ మాడలు ఇళ్లలో మిగిలిన సొమ్ము. ఏటి ఒడ్డు రాజధానిలో కొలువులు, వర్తకం, ఏరు పోసిన ఒండ్రులో పండే పంట ఆ మిగులుకు ఆధారం. చేతిలో నాలుగు మాడలు మిగిలితే ఏం చేయాలన్న ప్రశ్నకు పన్నెండో శతాబ్దపు కుటుంబం ఇచ్చిన జవాబుల్లో గోడ మీద మిగిలింది ఇది: అసలు ముట్టుకోకుండా రాబడి మాత్రం వాడాలి. ఆ సొమ్ములో పుణ్యమూ ఉంది, వంశం పేరూ ఉంది. ఊరికి చూస్తే, గుడికి నెయ్యి పోసేవారికీ దీపం చూసేవారికీ ఏటి పొడుగునా పని దొరికేది.

చోడగంగదేవుడి ఏలుబడిలోనే రాజ్య కేంద్రం ఉత్తరాన కటకం వైపు జరిగింది. కళింగనగరం క్రమంగా తీర్థక్షేత్రంగా మిగిలింది. శివరాత్రి ముగిశాక వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి ఇటు ఉత్తరాంధ్ర నుంచీ అటు ఒడిశా నుంచీ జనం వచ్చిపడతారు.

*

కుంపిణీ రోజులకు వస్తే మాఫీ లెక్క మరీ కఠినమైంది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కస్ ఒకసారి ఖాయమైతే వానలు కురిసినా కురవకపోయినా మారదు. ముఖలింగం పర్లాకిమిడి జమీందారీలోది. కొద్ది దూరంలోని చికాకోలు తాలూకా, అంటే నేటి శ్రీకాకుళం ప్రాంతం, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైతువారీ. ఒకే ఏరు, ఒకే మబ్బు. రైతువారీ ఊళ్లో పంట ఎండితే జమాబందీ నాడు శిస్తులో తగ్గింపు ఇచ్చే నిబంధనలున్నాయి. జమీందారీ ఊళ్లో ఆ తగ్గింపు జమీందారు దయాదాక్షిణ్యాల మీద నడిచేది. సర్కారు జమీందారుకు తగ్గించదు, కాబట్టి జమీందారు రైతుకు తగ్గించే అవసరం లేదు. 1866 నాటి ఒరిస్సా కరువు అప్పట్లో ముఖలింగం ఉన్న గంజాం జిల్లాను కూడా పీల్చి పిప్పి చేసింది. అలాంటి ఏడాది తిండిగింజలు అమ్మి శిస్తు కట్టాలా, అప్పు చేసి కట్టాలా అన్నదే రైతు ఇంట్లో మిగిలే ప్రశ్న.

1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం జమీందారీ రైతుకు సాగుహక్కును ఖాయం చేసింది. కొన్ని కారణాల మీద శిస్తు తగ్గించమని దావా వేసే దారీ చూపింది. అయితే ఆ దారి ఖర్చుతో కూడినది. కాగితాలూ వకీళ్లూ వాయిదాలూ భరించగల రైతులు ఎందరు?

అడగవలసింది కోర్టులో కాదు, రోడ్డు మీద అన్న తెలివి ఈ జిల్లా కొసనుంచే మొదలైంది. ఇచ్ఛాపురం నుంచి బయలుదేరిన రైతు యాత్రలో రెండు వేల మందికి పైగా తొమ్మిది జిల్లాల మీదుగా 1,500 మైళ్లు నడిచారు. 130 రోజుల నడక అది. దారి పొడుగునా ఊరూరా సభలు పెట్టి, 1,100కు పైగా అర్జీలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. శిస్తు తగ్గించాలి, అప్పులు తీర్చే దారి చూపాలి, జమీందారీలు పోవాలి అన్నవి ఆనాటి రైతుల కోరికలు.

అదే ఏడాది వచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టంలో శిస్తు బకాయిలకూ చోటు దొరికింది. ఇటీవలి ఫసలీల (రెవెన్యూ సంవత్సరాల) శిస్తును గడువులోగా కడితే పాత బకాయిలు రద్దవుతాయి. మాఫీ రావాలంటే ముందు చేతిలో డబ్బుండాలి. ఎద్దును అమ్మాలా, పుస్తె తాకట్టు పెట్టాలా, షావుకారును మళ్లీ అడగాలా అని ఇంటింటా లెక్కలు వేసుకోవలసి వచ్చే షరతు అది.

ఈలోగా పటమే మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి కోట అటు వెళ్లింది, ముఖలింగం విశాఖపట్నం జిల్లాలో ఇటు మిగిలింది. 1947లో ఎస్టేట్ల శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. ఎస్టేటు గ్రామాల్లోని శిస్తును ఇరుగుపొరుగు రైతువారీ స్థాయికి దించాలన్నది దాని సారం. ఏటి పక్కవాడికి ఉన్న వెసులుబాటు తనకెందుకు లేదన్న జమీందారీ రైతు ప్రశ్నకు ప్రభుత్వం మొదటిసారి అచ్చంగా జవాబిచ్చింది. మరుసటి ఏడాది చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యే పని మొదలైంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది.

*

ప్రభుత్వం తిరిగిచ్చిన పన్నును కుటుంబాలు ఏం చేస్తాయన్న ప్రశ్నను ఆధునిక కాలంలో సూటిగా అడిగిచూశారు. 2001లో అమెరికా ప్రభుత్వం ఒంటరివారికి 300, దంపతులకు 600 డాలర్ల వరకు పన్ను వాపసు పంపింది. మిచిగన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు మాథ్యూ షాపిరో, జోయెల్ స్లెమ్రాడ్ జరిపిన సర్వేలో ఎక్కువగా ఖర్చే పెడతామన్నవారు సుమారు 22 శాతమే. మిగతావారు దాచుకుంటామన్నారు, లేదా అప్పు తీర్చుకుంటామన్నారు. అంగడి కళకళలాడాలని సర్కారు డబ్బిస్తే, ఇల్లు ముందు తన అప్పు సంగతి చూసుకుంటుంది. 1938లో శ్రీకాకుళం రైతు నడిచిందీ ఆ అప్పు బరువు మీదే.

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను పడకుండా 60,000 దాకా రిబేటు ప్రకటించింది. ముఖలింగం ఉన్న జలుమూరు మండలంలో దాని ఫలం బడిపంతుళ్లకూ బ్యాంకు ఉద్యోగులకూ పింఛనుదారులకూ అందుతుంది. సాగు రాబడి మీద ఆదాయపు పన్నే లేదు కాబట్టి రైతు ఇంటికి ఈ రిబేటుతో పని లేదు. ఆ ఇంటికి వచ్చేది నేరుగా ఖాతాలో పడే సాయం. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి మొదటి విడతగా 7,000 రూపాయలు ఇచ్చారు. సరిగ్గా ఉభాల (వరినాట్ల) రోజులు. దమ్ము ట్రాక్టరు అద్దె, ఆడకూలీల ఉభాల కూలి, యూరియా బస్తా ఆ డబ్బు కోసం గుమ్మంలో కాచుకుని ఉండే నెల.

ఆ 7,000 ఎవరి ఖాతాలో పడుతుందన్నది మళ్లీ రికార్డులో ఎవరి పేరుందన్న దానిమీదే ఆధారపడుతుంది. కౌలుకు చేసేవారు సాయం అందుకోవాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం అది పదకొండు నెలలకు చెల్లుతుంది, దానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ పోతుందోనన్న భయంతో సంతకానికి వెనకాడే యజమానులుంటారు. ఊరు వదిలి విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడినవారి సంతకం సమయానికి దొరకదు. పట్టాదారు పేరును తాకకుండా, ఈ పంటకాలం ఆ మడిని ఎవరు దున్నారో ఈ-పంట నమోదులో ఊళ్లోనే రాసి, ఆ పేరుకే సాయం పంపడానికి చట్టంలో చోటు కల్పించాలి. వంశధార కాలువ కింద ఉభాలు వేసేవాడి ఇల్లు కూడా అప్పుడు వచ్చే సాయంతో ముందు ఎరువు కొనాలా, అప్పు తీర్చాలా అని తన లెక్క తాను వేసుకోగలుగుతుంది.