మోకాలి బ్రేసు
కీళ్ల అరుగుదల ఉన్న మోకాలికి బయటి నుంచి ఊతమిచ్చే పట్టీ లేదా చట్రం. నడకలో భారం ఎక్కువగా మోకాలి లోపలి వైపే పడుతుంది కనుక అరుగుదల కూడా సాధారణంగా అక్కడే ఎక్కువ. క్రమంగా కాలు దొడ్డికాలుగా వంగుతుంది, అడుగు వేస్తే మోకాలు పక్కకు జారినట్టవుతుంది. ‘అన్‌లోడర్’ బ్రేసు తొడ, మోకాలు, పిక్క దగ్గర మూడు చోట్ల ఒత్తిడి పెట్టి కొంత భారాన్ని బయటి వైపుకు మళ్లిస్తుంది. మెత్తని నియోప్రీన్ తొడుగు ఆ పని చేయలేదు. అది వెచ్చదనాన్ని, కీలుకు పట్టు ఉందన్న స్పర్శను ఇస్తుంది. పడతామన్న భయంతో నడిచేవారికి అదీ చిన్న మేలు కాదు. నడక, నిలకడ బాగా దెబ్బతిన్నవారికి, నొప్పి తీవ్రంగా ఉన్నవారికి బ్రేసు వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు గట్టిగా సిఫారసు చేశాయి. అరిగిన మృదులాస్థిని మాత్రం బ్రేసు తిరిగి తేలేదు. కొలత కుదరకపోతే చర్మం ఒరుసుకుపోయి వాడకం మానేసేవారున్నారు, అందుకే నిపుణుల చేత కొలిపించుకోవాలి. తొడ కండరాల వ్యాయామం దానితో పాటే సాగాలి.