సిమ్ కార్డు ముందు ఓడిపోయిన సాఫ్ట్‌వేర్

ఉట్నూరు దాటి లోపలి గూడేలకు వెళ్తుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్ కూడా లోపల సిమ్ ఉన్న చిన్న కంప్యూటరే. దానికీ అదే గతి. సిగ్నల్ కోసం మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కడం ఏజెన్సీలో జోకు కాదు. చిత్రమేమిటంటే, టవర్ లేని చోట చిన్న యంత్రాలు మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ ఇరవై ఏళ్ల కిందటే తయారైంది. అదీ ఉచితంగా!

అప్పటివరకు ఇంటర్నెట్ భాష మాట్లాడాలంటే పెద్ద కంప్యూటర్ కావాలనే నమ్మకం ఉండేది. మోటార్లలో, మీటర్లలో ఉండే చిప్‌లకు ఉన్న జ్ఞాపకశక్తి కొన్ని కిలోబైట్లే కదా. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ 2000 తర్వాత ఆ నమ్మకాన్ని తీసి పక్కన పెట్టాడు. ముందు ఎల్‌డబ్ల్యూఐపీ, తర్వాత ఇంకా చిన్నదైన యూఐపీ, 2003లో కాంటికి అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. 1980ల నాటి కమడోర్ 64 మీద కూడా వెబ్ సర్వర్ నడిచింది. దాదాపు అదే కాలంలో బర్కిలీలో డేవిడ్ కల్లర్ బృందం టైనీఓఎస్ చేసింది. వీటితో సాధ్యమైన అసలు సంగతి మెష్. ఈ గూడెం వాళ్లు పక్క గూడేనికి కబురు చెప్తే, వాళ్లు ఆ అవతలి గూడేనికి చెప్పినట్టు, ప్రతి పరికరం తన మాటతో పాటు పొరుగు పరికరం మాటనూ ముందుకు పంపుతుంది. చివరి ఒక్కదానికి ఇంటర్నెట్ ఉంటే చాలు. 2007కల్లా సిక్స్‌లోపాన్ పేరుతో దీనికి ప్రమాణం కూడా వచ్చింది.

తెలుగు వినిపించే పొలాల్లోకి కూడా ఇది ఒకసారి వచ్చింది. కర్ణాటకలోని పావగడ తాలూకా చెన్నకేశవపురంలో, 2000ల మధ్యలో, బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్‌ఎల్ కలిసి టైనీఓఎస్ నడిచే సెన్సర్లు పాతాయి. వానాధారపు వేరుశనగ చేలల్లో నేల తేమ కొలవడం ఉద్దేశం. పరిశోధనా పత్రాలు వచ్చాయి, ఒక పీహెచ్‌డీ వచ్చింది. రైతు డబ్బిచ్చి కొనుక్కునే వస్తువు మాత్రం రాలేదు.

రైతు కొన్నది వేరే పెట్టె. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు సంగతి గుర్తుందా? కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. పాములు, తేళ్ల మధ్య నడిచి వెళ్లి మోటార్ వేయాలి. దానికి పరిష్కారంగా మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. పుణె నుంచి నానో గణేశ్, బెంగళూరు నుంచి కిసాన్ రాజా. స్టార్టర్ పక్కన సిమ్ ఉన్న డబ్బా బిగిస్తే ఇంట్లో మంచం మీంచే ఫోన్ చేసి మోటార్ వేయొచ్చు. ఇంజినీరింగ్ దృష్టితో చూస్తే ఇందులో అందమేమీ లేదు. కానీ మొదటి డబ్బా కొన్న మొదటి రైతుకు మొదటి రోజే పని జరిగింది.

మెష్ దగ్గర తేడా కొట్టింది ఇక్కడే అనిపిస్తుంది నాకు. ఒక్కడే కొంటే దానివల్ల లాభం సున్నా. పక్క చేను వాడూ కొనాలి, ఆ పక్కవాడూ కొనాలి. మధ్యలో ఒకడి బ్యాటరీ అయిపోతే ఎవరు మార్చాలి? ఈ ప్రశ్నకు ఏ పరిశోధనా పత్రంలోనూ జవాబు ఉండదు, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు.

కంపెనీల కథ కూడా ఇలాగే సాగింది. కల్లర్ పెట్టిన ఆర్చ్ రాక్‌ను 2010లో సిస్కో కొనేసింది. తెలుగువాడు వెంకట్ మట్టెల 2001లో అమెరికాలో పెట్టి, హైదరాబాద్‌లో ఇంజినీర్లతో నడిపిన రెడ్‌పైన్ సిగ్నల్స్ చిన్న పరికరాలకు వైఫై చిప్‌లు చేసేది. దాని వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొన్నది. 2014లో చైనా నుంచి కారుచౌకగా వచ్చిన ఈఎస్‌పీ8266 చిప్ కోట్ల ఇళ్లలోకి వెళ్లింది. దాని లోపల ఉన్నది డంకెల్స్ రాసిన ఎల్‌డబ్ల్యూఐపీనే! అంటే ఆయన సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఓడిపోలేదు. ఇంట్లో రౌటర్‌ను అందుకునే ముక్క గెలిచింది. కబురు చేరవేసే ముక్క ప్రయోగశాలల్లో, కొన్ని మీటర్లలో, వీధి దీపాల్లో మిగిలింది. మీటర్లన్నిటికీ యజమాని ఒక్కడే, కరెంటు కంపెనీ. బ్యాటరీ ఎవరు మార్చాలన్న తగవు అక్కడ లేదు.

2022లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, సిలికాన్ ల్యాబ్స్ కలిసి క్యాంపస్ అంతటా వై-సన్ అనే మెష్ నెట్‌వర్క్ పెట్టాయి. లోపల నడిచేది పైన చెప్పిన సిక్స్‌లోపానే. మంచి పని. కాకపోతే గచ్చిబౌలిలో ఏ మూల నిలబడ్డా ఫోన్ సిగ్నల్ నిండుగానే ఉంటుంది.

ఉట్నూరులో కూడా అలాంటి ఒక్క యజమాని లేకపోలేదు. గూడేల్లో ఆశ్రమ పాఠశాలలు నడిపేది ఐటీడీఏ. ఒకదాని తర్వాత ఒకటిగా అడవి పొడుగునా ఉన్నాయి అవి. ఒక్కో కప్పు మీద ఒక్కో పెట్టె పెట్టి, మధ్యలో గుట్టల మీద ఇంకొన్ని పెడితే, పెద్ద ఫైళ్లు, వీడియోలు పోవు గానీ ఒక రేషన్ కార్డు నంబరు, ఒక ‘సరే’ పోతాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితమే. టెండర్ పిలవాలనుకునే ఆఫీసు కావాలి, నెలకోసారి బ్యాటరీ చూసొచ్చే మనిషికి జీతం కావాలి.