గురువును చేరే దారులు: విజయనగరం, సాలూరు, అరకు – ఉత్తరాంధ్ర సంగీత శిక్షణ చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్ర సంగీత చరిత్ర అనగానే విజయనగరం సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు, అక్కడ చదువుకొన్న ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల పేర్లు స్ఫురిస్తాయి. ఈ చరిత్రను ఎక్కువగా సంస్థ చరిత్రగానో, విద్వాంసుల జీవిత చరిత్రగానో రాస్తూ వచ్చారు. నేర్చుకోదలచిన మనిషి వైపు నుంచి చూస్తే ఇదే చరిత్రలో వేరే ప్రశ్నలు ఎదురవుతాయి. అతనికి గురువు ఎక్కడ దొరికాడు? ఆ గురువును చేరడానికి ఎంత దూరం నడవవలసి వచ్చింది? చేరిన తరువాత అన్నం ఎవరు పెట్టారు?

ఈ ప్రశ్నలను విజయనగరం కళాశాల, సాలూరు గురువుల ఇల్లు, అరకు లోయలోని గిరిజన గ్రామం అనే మూడు తావుల్లో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మొదటి రెండు తావుల చరిత్ర రాయడానికి మనకు ఉపకరించిన ‘గురువు’ అనే భావనే మూడవదాన్ని సంగీత శిక్షణ చరిత్రలోకి రానివ్వలేదన్నది ఇక్కడి ప్రతిపాదన.

కళాశాల: ఒక కుటుంబ అవసరం సంస్థగా మారడం

విజయనగర సంస్థానాధీశులు 1919లో సంగీత కళాశాలను నెలకొల్పారు. నారాయణదాసు తొలి అధ్యక్షులు. సంస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు. ఆ బాలుడికి సంగీతం చెప్పించాలన్న అభ్యర్థన కళాశాల స్థాపనకు ప్రేరణ అయిందని ప్రతీతి. ఈ కథనంలో గమనించదగిన అంశం ఉంది. తండ్రి కోరింది కొడుకుకు ఒక గురువును; సంస్థానం సమకూర్చింది అందరికీ ఒక కళాశాలను. ఆస్థాన విద్వాంసుల కుటుంబాలలోనూ, వారి ఇళ్లలో శుశ్రూష చేసిన శిష్యులలోనూ నిలిచి ఉన్న విద్య, ప్రవేశానికి దరఖాస్తు పెట్టుకోగల విద్యగా మారింది.

ద్వారం వెంకటస్వామినాయుడు విషయం ఇంకా ఆసక్తికరం. వాయులీనాన్ని అన్నగారి వద్ద అభ్యసించిన ఆయన విద్యార్థిగా చేరాలని విజయనగరం వచ్చారనీ, ఆయన వాదన విన్నవారు ఆచార్య పదవినే ఇచ్చారనీ ప్రసిద్ధి. 1919లో వాయులీన ఆచార్యులైన ఆయన 1936లో నారాయణదాసు తరువాత కళాశాల అధ్యక్షులయ్యారు. కళాశాల గుర్తించిన తొలితరం విద్య కళాశాల వెలుపల, ఇంటిలోనే తయారైందని దీనివల్ల తెలుస్తుంది.

ఇల్లు: సాలూరు గురువులు

తూర్పు కనుమల పాదాన, వేగావతి ఒడ్డున ఉన్న పట్టణం సాలూరు. అక్కడి నుంచి బాట సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వైపు కొండ ఎక్కుతుంది. ఈ ఊరి పేరుతోనే పట్రాయని నరసింహశాస్త్రి ‘పెద గురువు’గా, ఆయన కుమారుడు సీతారామశాస్త్రి ‘చిన గురువు’గా ప్రసిద్ధులయ్యారు. సీతారామశాస్త్రి తరువాత విజయనగరం కళాశాలలో గాత్ర పండితులయ్యారు.

ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు ఘంటసాల. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఘంటసాల వేలి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరిన వృత్తాంతం సుపరిచితం. అప్పటికి కళాశాలకు సెలవులు. వసతి లేదు, భోజనం లేదు. ఆ స్థితిలో సీతారామశాస్త్రి ఆయనను తన ఇంట ఉంచుకొని, రుసుము తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆకలి తీరడానికి ఘంటసాల జోలె కట్టుకొని మధూకరం ఎత్తారు. అటుపిమ్మట కళాశాలలో చేరి పట్టా పొందారు.

ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా గురుభక్తికి, పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకొంటాం. సంగీత విద్యకు కావలసిన వనరుల లెక్కగా కూడా దీన్ని చదవవచ్చు. కళాశాల పాఠం ఇవ్వగలిగింది, పట్టా ఇవ్వగలిగింది. సెలవుల్లో వచ్చిన పేద కుర్రవాడికి నీడనిచ్చినది గురువు ఇల్లు; అన్నం పెట్టినది ఊరిలోని గృహిణులు. ఆ గృహిణుల పేర్లు ఏ సంగీత చరిత్రలోనూ లేవు. సంస్థ, ఇల్లు, ఊరు మూడూ కలిస్తేనే ఒక గాయకుడు తయారయ్యాడు.

ఘంటసాల పుట్టిన సంవత్సరమే సాలూరు సమీపాన శివరామపురంలో సాలూరి రాజేశ్వరరావు జన్మించారు. తండ్రి సన్యాసిరాజు మార్దంగికుడు. ద్వారం వారి కచేరీలకు మృదంగ సహకారం అందించినవారు. రాజేశ్వరరావు గురువు కోసం ఊరు దాటవలసిన పని లేకపోయింది. 1935 నాటికే, పదమూడేళ్ల ప్రాయంలో, ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో కృష్ణుడి పాత్ర ధరించి పాడారు. ఒకే ఏట పుట్టిన ఇద్దరు ప్రతిభావంతుల తొలి అడుగుల్లో ఇంత వ్యత్యాసానికి గురువుకూ శిష్యుడికీ నడుమ ఉన్న దూరం ఒక ముఖ్య కారణం.

కొండ: పేరు లేని గురువు

సాలూరు వద్ద కొండ ఎక్కే బాట మొదలవుతుంది. మన సంగీత చరిత్ర మాత్రం అక్కడే ఆగిపోతుంది. విశాఖ మన్యాన్ని 1839 చట్టం సాధారణ పాలన నుంచి వేరుచేసి ఏజెన్సీగా నిర్వహించింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం అటు చేరింది. ఈ పాలనా విభజనలు మన అధ్యయన విభజనలపై కూడా ప్రభావం చూపాయి. మైదానంలోని పాట సంగీత శాస్త్రానికీ, కొండమీది పాట మానవశాస్త్రానికీ జానపద విజ్ఞానానికీ చెందినవిగా స్థిరపడ్డాయి.

అరకు లోయలోని థింసాను ఉదాహరణగా తీసుకొందాం. దీనిని నృత్యంగానే ఎక్కువగా వర్ణిస్తారు. అయితే తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు లేనిదే థింసా లేదు. గ్రామదేవతను కొలిచే బోడ థింసా, ఆకులేరుకొనే పనిని అనుసరించే పోతర్ తోల థింసా, పులి బారి నుంచి తప్పించుకోవడాన్ని చూపే భాగ్ థింసా వంటి భేదాలలో అడుగు మారుతుంది. అడుగు మారినప్పుడు వాద్యం దానికి తగినట్లు నడవాలి. ఏ సందర్భానికి ఏ నడక అన్నది వాద్యకారుడికి తెలిసి ఉండాలి. అభ్యాసం లేకుండా ఇది సాధ్యం కాదు. అభ్యాసం ఉన్నదంటే నేర్పినవారు ఉన్నారనే అర్థం.

మరి ఆ నేర్పినవారు ఎవరు? ఇక్కడ రుసుము లేదు, ముహూర్తం లేదు, సరళీ స్వరాల వంటి తొలి పాఠం లేదు. పిల్లవాడు పండుగల్లో పెద్దల పక్కన నిలబడి విని, చిన్న వాద్యంతో మొదలుపెట్టి, తప్పితే సరిదిద్దించుకొంటూ నేర్చుకొంటాడు. చైత్రమాసపు ఇటికల పండుగ అతనికి పాఠశాల, పరీక్ష కూడా. నాదస్వర కుటుంబాలలో పిల్లలు తండ్రి పక్కన శ్రుతి పట్టి నేర్చుకొన్న పద్ధతికి ఇది దూరమైనదేమీ కాదు. అక్కడ ఆ తండ్రిని గురువన్నాం. ఇక్కడ ‘వంశపారంపర్యంగా వచ్చింది’ అని సరిపెట్టుకొన్నాం. ఆ మాట నేర్పినవారి శ్రమను కనబడకుండా చేస్తుంది.

మైదానం వారు కొండవారిని బోధకులుగా స్వీకరించిన సందర్భం లేకపోలేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర, తెలుగు భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట ఉంచుకొని సవర నేర్చుకొన్నారు. ఆ విద్య 1931 నాటి సవర వ్యాకరణానికీ, 1938 నాటి నిఘంటువుకూ పునాది అయింది. సాలూరు గురువు శిష్యుడిని తన ఇంట ఉంచుకొంటే, ఇక్కడ శిష్యుడే గురువును తన ఇంట ఉంచుకొన్నాడు. అయినా ఆ బోధకుడిని ‘సవర తెలిసిన వ్యక్తి’ అని స్మరిస్తామే తప్ప గిడుగు వారి గురువు అని అనము.

నేటి సమస్య

‘గురుకులం’ అన్న మాట ఇప్పుడు కొండకు చేరింది. గిరిజన సంక్షేమ గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు చదువుకు చేసిన మేలు కాదనలేనిది. కాని చైత్రమాసం మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. పరీక్షల కాలమూ అదే. వసతి గృహంలో ఉన్న పిల్లవాడికి, మోరి నేర్పగల పెద్దకు మధ్య దూరం ఏర్పడేది సరిగ్గా పండుగ రోజుల్లోనే. వీణో, గాత్రమో నేర్చుకోదలచిన అరకు విద్యార్థి విజయనగరానికో విశాఖకో దిగాలి. తన ఊరి వాద్యం నేర్చుకోవాలన్నా బడి వదిలి ఊరికి వెళ్లాలి. ఘంటసాలకు ఎదురైన దూరం సమస్యే ఈ పిల్లవాడికి రెండు వైపులా ఎదురవుతున్నది.

మరోవైపు 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చిన తరువాత అరకుకు రాకపోకలు సులభమయ్యాయి, పర్యాటకమూ విస్తరించింది. సందర్శకుల కోసం ప్రదర్శించే థింసాలో సందర్భం ఉండదు, సమయం స్వల్పం. కొద్దిపాటి నడకలు తెలిస్తే అక్కడ సరిపోతుంది. తక్కినవాటిని నేర్చుకోవలసిన అవసరం తగ్గిపోతుంది. వేదిక నిలిచినంత మాత్రాన విద్య నిలిచినట్లు కాదు.

ముగింపు

విజయనగరం, సాలూరు అనుభవాలు చెప్పే విషయం స్పష్టం. సంస్థ ఒక్కటే సంగీతాన్ని నిలపలేదు. గురువు ఇల్లు, ఊరి అన్నం దానికి తోడయ్యాయి. అరకులో ఊరు ఉన్నది, నేర్పేవారు ఉన్నారు, సంస్థలూ ఉన్నాయి. వీటి మధ్య సంబంధం ఏర్పడలేదు. గురుకులాలు పండుగ రోజులను స్థానిక వాద్య శిక్షణకు కేటాయించడం, వాద్యకారులకు బోధకులుగా గౌరవ వేతనం ఇవ్వడం, సంగీత విద్యార్థులు కొంతకాలం కొండ గ్రామాలలో ఉండి నేర్చుకొనే అవకాశం కల్పించడం ఆ సంబంధానికి మార్గాలు.

పరిశోధకులుగా మన బాధ్యత ఇంతకన్నా ముందే మొదలవుతుంది. క్షేత్ర పర్యటనలో ఒక మోరి వాద్యకారుడు తటస్థపడినప్పుడు వాద్యం పొడవు, రంధ్రాల సంఖ్య రాసుకొంటాం. వాటితోపాటు ‘మీరు ఎవరి దగ్గర నేర్చుకొన్నారు? మీ దగ్గర ఎవరు నేర్చుకొంటున్నారు?’ అన్న రెండు ప్రశ్నలు అడగాలి. వచ్చిన జవాబులను, చెప్పినవారి సమ్మతితో, పేర్లతో సహా నమోదు చేయాలి. ద్వారం వారికీ, ఘంటసాలకూ మనం వేసిన ప్రశ్నలు ఇవే. రెండవ ప్రశ్నకు ‘ఎవరూ లేరు’ అన్న జవాబు వచ్చే ఊళ్లు ఏవో తెలిస్తే, పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.